పదకొండు నిమిషాల ప్లాంకు

పుణె
2 నవంబర్ 2025, ఆదివారం

మామకు ప్రజ్ఞ నమస్తే.

నువ్వూ ఈరమ్మత్తా క్షేమమని నాకు తెలుసు. నిన్న ఫోన్ చేస్తే టీవీ రిమోట్ కోసం మీరిద్దరూ కొట్లాడుకునే చప్పుడు తప్ప నాకేమీ వినబడలేదు, నా మాట మీకు అసలే వినబడలేదు. అందుకే ఈ ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉంది. మా ఫిట్‌నెస్ కోర్సు ఆఖరుకు వచ్చింది. యాభై అయిదు దాటిన ఒక మనిషికి వారం వారం వ్యాయామం రాసిచ్చి, ఎనిమిది వారాలు చేయించి, ఆ కాగితాలు మా మేడంకి చూపిస్తేనే సర్టిఫికెట్. ప్లాను నేను చేత్తో రాసి పంపాలి. చేసినదంతా అవతలి మనిషి చేత్తో రాసి, సంతకం పెట్టి, పోస్టులో తిరిగి పంపాలి. ఫోన్లో అయితే అందరూ అన్నీ చేశామంటారట. ఎవరినైనా ఎంచుకోవచ్చన్నారు. నేను నీ పేరు రాశాను.

నా తెలుగు రాత చూసి నవ్వకు. మరాఠీ బడిలో చదివినదాన్ని, నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే, కాబట్టి తప్పులన్నీ నీ ఖాతాలోవే.

సర్టిఫికెట్ వస్తే ఏమవుతుందో నీకు తెలుసు. కాలనీ క్లబ్బు సెక్రటరీ అనంతరావు సారు జనవరి ఆఖరులోపు ఆ కాగితం చూపిస్తే పొద్దుటి పూట హాలు నాకిస్తానన్నాడు. నా సొంత క్లాసు, మన దుర్గాపూర్ గని కాలనీలో. రాకపోతే హాలు కోచింగ్ సెంటరు వాళ్లకు పోతుంది, నేను ఇక్కడ పుణెలో ఏదో జిమ్ము తలుపు దగ్గర రిజిస్టరు రాస్తూ కూర్చుంటాను. నాకు ఇంటికి రావాలని ఉంది మామా.

ఇక నీ వారం. సోమ, బుధ, శుక్రవారాలు కార్డియో, అంటే నీకు నడక. రోజుకు అరగంట, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగంగా. మంగళ, గురువారాలు బలం: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడను తోయడం, రెండు నీళ్ల సీసాలు ఎత్తి దించడం, పదేసి చొప్పున మూడుసార్లు. శనివారం పిలాటిస్. పేరు చూసి భయపడకు, చాప మీద పడుకుని చేసేదే. పొట్ట లోపలి కండలకు, నడుముకు పని చెబుతుంది. కాళ్లు ఎత్తడం, నడుము లేపడం, చివర్లో ప్లాంకు. మోచేతుల మీద, కాలివేళ్ల మీద ఒళ్లంతా దూలంలా ఆనించి ఉండాలి. మొదట ఎంత వస్తే అంత, ఎనిమిదో వారానికి ఇరవై సెకన్లు వస్తే చాలు. ఆదివారం విశ్రాంతి, బరువు చూసుకోవడం.

కాగితం కింద "వారం మొత్తం" అని గీత గీశాను. అందులో అంకెలు వేసి సంతకం పెట్టు.

బీపీ గోలీలు మానకు. అత్తను అడిగానని చెప్పు.

నీ మాట వినే ఒకే ఒక్క కోడలు పిల్ల,
ప్రజ్ఞ


దుర్గాపూర్
17 నవంబర్ 2025

బిడ్డా ప్రజ్ఞా, మామ కనకరాజు దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నా, అంటే నేనే చదివా, ఈరమ్మ విన్నది. తప్పులు ఏడు దొరికాయి. ఏడే అంటే నా చదువు మంచిదే.

ఇలాంటి కాయితాలు నాకు కొత్త కాదు. గని లోపల పైకప్పు పడకుండా దన్నులు పెట్టే గ్యాంగుకు ఇరవై ఆరేళ్ల నుంచి పని చేయించే ముకద్దంగా ఉన్నా. పైనుంచి టార్గెట్ వస్తుంది, షిఫ్టు అయ్యేలోపు పూర్తి చేయించి కింద నా పేరు రాసి సంతకం పెడతా. ఒక్కనాడు కూడా నా కాయితం తక్కువ పడి వెనక్కి రాలేదు. నీ కాయితం చూసి ఇంతేనా అనిపించింది. మా అక్క బిడ్డ బతుకు దీని మీద ఉంటే నేను ఊరుకుంటానా?

లెక్క రాసుకో. నడక మూడు వందల పది నిమిషాలు. కుర్చీలోంచి లేవడం నాలుగు వందల ఇరవై. నీళ్ల సీసాలు లెక్కకు మించి. ప్లాంకు రెండు నిమిషాల పది సెకన్లు. నా బరువు ఎనభై నాలుగు కిలోలు.

మా గ్యాంగు ఎల్లన్న నీకు తెలుసు కదా, ఇంట్లో ఉండటం కన్నా ఎక్కడికైనా పోవడమే ఇష్టం ఆయనకు. నడకంటే ప్రాణం పెడుతున్నాడు. పవర్ స్టేషన్ రోడ్డు చివరిదాకా పోతేగానీ వెనక్కి తిరగడు. కింది క్వార్టరు రమకు పిలాటిస్ మీద మనసు పడింది. రోజూ నీళ్ల బిందెలు మోసే మనిషి, ఆ సీసాలు చూసి నవ్వింది. పని అయ్యాక అందరం క్లబ్బు ముందు కూర్చుని, అటుకుల మీద కారం పులుసు పోసిన తర్రీ పోహా తింటున్నాం. తర్రీ కారంగా ఉంటేనే కార్డియో అని ఎల్లన్న అంటాడు.

ఏ లోటూ రానివ్వను. నువ్వు సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టు.

దీవెనలతో,
కనకరాజు, ముకద్దం


పుణె
21 నవంబర్ 2025

ఉక్కు మామకు,

ఈ పేరు నేను పెట్టింది కాదు. మేడం నీ కాగితం క్లాసులో చదివితే అందరూ కలిసి పెట్టారు. నాతో చదివే అక్షయ్ వాళ్ల నాన్న మొదటి వారం పద్దెనిమిది నిమిషాలు నడిచి, మూడు రోజులు మంచం దిగలేదట. నువ్వేమో మూడు వందల పది! నిన్న నన్ను క్యాంటీన్లో ఒకమ్మాయి వేలు పెట్టి చూపించింది, ఆ మామ మేనకోడలు ఈమేనని. గాలిలో తేలుతున్నాను మామా. రాత్రి హాలుకు ఏ రంగు చాపలు కొనాలో కూడా ఆలోచించేశాను. ఆకుపచ్చ.

కానీ భయంగానూ ఉంది. నేను రాసింది తొంభై నిమిషాలే. తొందరపడి మూడింతలు చేయకు. ప్లాంకు రెండు నిమిషాలంటే మా మేడం కనుబొమ్మలు నుదుటి మధ్యకు వెళ్లాయి. నొప్పులు ఉన్నాయా? రాత్రి నిద్ర పడుతుందా? మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా? నిజం రాయి.

ఎల్లన్న, రమక్క తోడు రావడం చాలా మంచిది. తోడు ఉంటే వ్యాయామం మానబుద్ధి కాదని మా పుస్తకంలో కూడా ఉంది. వాళ్లకు నా తరఫున థాంక్స్ చెప్పు. పోహా మాత్రం వారానికి ఒక్కసారి. తర్రీ వద్దు.

గర్వంతో మెడ పట్టేసిన నీ
ప్రజ్ఞ


దుర్గాపూర్
1 డిసెంబర్ 2025

బిడ్డా,

నొప్పుల సంగతి అడిగావు. నాకేం నొప్పులు? నిక్షేపంగా ఉన్నా. ఎల్లన్నకు తొడలు పట్టేశాయి, నూనె రాయించుకుంటున్నాడు. రమకు నవ్వితే పొట్ట నొస్తుందట, అయినా నవ్వు ఆపదు. ఈ పని ఇంత సులువుగా ఉంటుందని నాకు ముందే తెలిస్తే పదేళ్ల కిందటే మొదలుపెట్టేవాణ్ని.

ఈ వారం లెక్క చూస్తే మీ మేడం కుర్చీలోంచి లేస్తుంది, ఆ ఒక్కటీ నా లెక్కలో వేసుకో. నడక ఏడు వందల ఎనభై నిమిషాలు. కుర్చీ లేవడం పదకొండు వందలు. ప్లాంకు పదకొండు నిమిషాలు. చలికి ఇద్దరు రాలేదు, లేకుంటే పన్నెండు దాటేది. తలో చెయ్యి వేస్తే కొండైనా కదులుతుంది, మీ మేడంకి ఈ సంగతి చెప్పు.

బుధవారం నాడు రెండు కిలోమీటర్లు పదకొండు నిమిషాల్లో అయిపోయింది. అది ప్రత్యేకంగా రాశా, చూసుకో. తెల్లవారుతుండగా రోడ్డు పక్క పొదలో ఏదో కదిలింది. "ఉర్కుండ్రి, చిరుత!" అని ఎవరో అన్నారు. తాడోబా అడవి పక్క కాలనీ మనది, వచ్చినా రావచ్చు. ఎల్లన్న చెప్పులు అక్కడే, మనిషి క్లబ్బు దగ్గర. తర్వాత చూస్తే అది అనంతరావు ఇంటి పక్క పంది. ఆ వేగం మళ్లీ రాలేదు. పందిని రోజూ పంపమని అడగలేం కదా.

ఒక్కటే నాకు అర్థం కావడం లేదు. ఇంత పని జరుగుతుంటే నా బరువు ఎనభై ఆరు అయింది. నీ లెక్కలో ఏదో తిరకాసు ఉంది. మేడంని అడుగు.

ఈరమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. గోలీలు వేసుకుంటున్నానని కూడా రాయమంది. రాశా.

కనకరాజు


పుణె
6 డిసెంబర్ 2025

మామా,

నీ బరువు మీద ఇక్కడ రెండు రోజులు వాదన జరిగింది. సగం మంది అది కొవ్వు కాదు, కండ పెరిగింది అంటారు. సగం మంది మీ ఇంటి కాటా చెడిపోయింది అంటారు. అక్షయ్ అయితే మీ మామ తింటున్నాడేమో అన్నాడు. వాడితో మాట్లాడటం మానేశాను.

చిరుతను చూసి నువ్వు పరిగెత్తడం తలుచుకుంటే నాకు ఒకసారి నవ్వు, ఒకసారి వణుకు. చీకట్లో నడవొద్దు. ఎండ వచ్చాకే బయలుదేరు. యాభై ఎనిమిదేళ్ల మనిషి అంత వేగంగా పరిగెడితే గుండె ఏం కావాలి?

ఇప్పుడు అసలు వార్త. మేడం నీ పదకొండు నిమిషాల దగ్గర ఆగిపోయింది. కాగితం వెలుతురుకు పెట్టి చూసింది, తిరగేసి చూసింది. నిన్న పిలిచి, తను పిల్లలతో పులులను చూడటానికి తాడోబా వస్తోందని, ఆదివారం పద్నాలుగో తారీఖు పొద్దున ఏడింటికి దుర్గాపూర్‌లో ఆగి నిన్ను చూస్తానని చెప్పింది. కాగితంలో ఉన్నదాంట్లో సగం కళ్లతో చూసినా చాలట, అక్కడే సంతకం పెట్టేస్తుందట. ఎనిమిది వారాలు కూడా ఆగక్కర్లేదు! మామా, కొత్త సంవత్సరానికి నేను ఇంట్లో ఉంటాను.

పదకొండు నిమిషాలు చేసి చూపించకు, ప్రమాదం. రెండు చాలు. మీ గ్యాంగును కూడా పిలువు, చప్పట్లు కొట్టడానికి.

అమ్మకు ఇంకా చెప్పలేదు. సంతకం అయ్యాక నువ్వే చెప్పు.

కాళ్లు నేల మీద నిలవని
ప్రజ్ఞ


దుర్గాపూర్
10 డిసెంబర్ 2025

బిడ్డా,

తొందరలో రాస్తున్నా. ఆదివారం విశ్రాంతి అని నువ్వు రాశావు గానీ ఈ ఒక్క ఆదివారం అందరికీ డ్యూటీ వేశా. ఒక్కరు కూడా నాగా పెట్టవద్దని గట్టిగా చెప్పా. ఎవరు ఏ పని చేయాలో రాసి క్లబ్బు గోడకు అంటించా. నడకకు ఎల్లన్న, ఇంకో నలుగురు. కుర్చీలకు మా గ్యాంగులో మిగిలినవాళ్లు. పిలాటిస్‌కు రమ, కాలనీ ఆడవాళ్లు. అనంతరావు హాలు కడిగించాడు. నాకు, మేడంకి పక్కపక్కన కుర్చీలు వేయించా. విజిల్ కూడా కొన్నా.

మేడం తర్రీ పోహా తింటుందా, ఉప్మా చేయించాలా? వెంటనే ఫోన్ చేయి. ఈరమ్మ ఎత్తకపోతే మళ్లీ చేయి.

కనకరాజు


దుర్గాపూర్
15 డిసెంబర్ 2025

బిడ్డా ప్రజ్ఞా,

నిన్నటి నుంచి నీ ఫోను నాలుగుసార్లు మోగింది. నేనే ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలో తెలియక. జరిగింది జరిగినట్టు రాస్తా.

మేడం ఏడింటికే వచ్చింది. మంచి మనిషి, అందరికీ నమస్కారం పెట్టింది. నేను డ్యూటీ వేసిన పద్నాలుగు మందీ వరసగా నిలబడ్డారు. నేను హాజిరి తీసుకుని, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చుని విజిల్ ఊదా. ఎల్లన్న వాళ్లు హాలు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు, కుర్చీలు లేచాయి, కూర్చున్నాయి, రమ వాళ్లు చాపల మీద కాళ్లెత్తారు. గడియారం పెట్టినట్టు నడిచింది బిడ్డా. ఇరవై ఆరేళ్లలో ఏ షిఫ్టూ అంత చక్కగా నడవలేదు. మేడం చాలాసేపు చూసి, వీళ్లలో కనకరాజు ఎవరని అడిగింది. నేనే అన్నా. మరి మీ ప్లాంకు చూపించండి అంది.

"అది నా పని కాదు మేడం, రమ చేస్తది" అన్నా.

ఆమె నా వైపు చూసింది, కాయితం వైపు చూసింది, పద్నాలుగు మంది వైపు చూసింది. వేళ్లతో ఏదో లెక్క వేసుకుంది. అప్పుడే అనంతరావు వెనక నుంచి నవ్వడం మొదలుపెట్టాడు. ఆమె నవ్వలేదు. ఒక్కసారి ప్రయత్నించండి అని నాకోసం చాప పరిచింది. పడుకోవడం పడుకున్నా. లేవడానికి ఎల్లన్న ఒక చెయ్యి, రమ ఒక చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఈ కాయితాలు పనికిరావని మెల్లగా చెప్పి, పోహా తిని, అందరికీ మళ్లీ నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

నాకు హాల్లో అర్థం కాలేదు బిడ్డా, ఒట్టు. పని జరిగింది. ఒక్క నిమిషం కూడా దొంగ లెక్క వేయలేదు. గనిలో ఇరవై ఆరేళ్లు నేను సంతకం పెట్టిన ప్రతి కాయితమూ అలాంటిదే, దన్ను పెట్టింది పదిమంది, పేరు నాది. దాన్ని ఎవరూ తప్పనలేదు. ఇంటికొచ్చి ఈరమ్మకు ఇదంతా చెప్పా. ఆమె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తకుండా, "మరి నీ బీపీ గోలీలు గూడ గ్యాంగుకు పంచుతున్నవా?" అంది.

అప్పుడు తెలిసింది.

నా మూలంగా నీ హాలు పోయింది. నిన్ను ఇంటికి రప్పించాలని నేనే తలుపు మూశా. గ్యాంగు వాళ్లు కూడా తలలు వేలాడేశారు. ఎల్లన్న ఇవాళ నడకకు పోలేదు.

నీ మామ


పుణె
19 డిసెంబర్ 2025

మామా,

నీ పదో తారీఖు ఉత్తరం నాకు పదిహేనున అందింది. అయిదుగురు నడకకు, మిగిలినవాళ్లు కుర్చీలకు అని చదివి, మెట్ల మీదే కూర్చుండిపోయాను.

మేడం బుధవారం క్లాసులో ఇదంతా చెప్పింది. కోపంగానే మొదలుపెట్టింది. నువ్వు కుర్చీలో కూర్చుని విజిల్ ఊదిన దగ్గరికి వచ్చేసరికి తనే బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్షయ్ నాతో మళ్లీ మాట్లాడటానికి అదే సందు దొరికిందనుకున్నాడు. తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

నాకు చాలా కోపం వచ్చింది. సర్టిఫికెట్ గురించి కాదు. నువ్వు దొంగ లెక్క వేయలేదని నాకు తెలుసు, మేడంకి కూడా అదే చెప్పాను. నా కోపం ఒక్కటే. నాకోసం చలిలో పద్నాలుగు మందిని లేపావు, నువ్వొక్కడివే లేవలేదు.

క్లయింటుగా ఎవరినైనా తీసుకోవచ్చన్నారని రాశాను కదా. ఇక్కడ పక్కింటి తాత తనంతట తనే వస్తానన్నాడు. నీ పేరు ఎందుకు రాశానో చెబుతాను. మే నెలలో నేను వచ్చినప్పుడు నా బ్యాగు పట్టుకుని నువ్వు మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గర ఆగిపోయావు. రెయిలింగు పట్టుకుని గోడ వైపు తిరిగి, ఏదో నోటీసు చదువుతున్నానన్నావు. నువ్వు లోపలికి వెళ్లాక నేను వెనక్కి దిగి చూశాను. ఆ గోడ మీద ఏ నోటీసూ లేదు. నాన్న కూడా చివరి ఏడాది అలాగే ఏదో వంకతో ఆగేవాడు. అప్పుడు నేను చిన్నదాన్ని, అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతుంది, ఇంకోసారి చూడలేను.

ఇది నా పని, నువ్వు సాయం చేస్తున్నావు అనుకున్నావు. కాదు మామా. ఇది నీ పని. ఆ మాట మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. నువ్వు చిన్నబుచ్చుకుంటావని దాచాను, ఆ తప్పు నాది.

మేడం ఒక్క అవకాశం ఇచ్చింది, అందుకే ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఇరవై రెండో తారీఖు సోమవారం నుంచి మళ్లీ ఎనిమిది వారాలు, ఒక్క మనిషి. ఫిబ్రవరి మధ్యకు అవుతుంది. హాలు గడువు జనవరి ఆఖరు. హాలు పోతే పోనీ, పుణెలోనే ఏదో చూసుకుంటాను. నువ్వు మాత్రం చేయి.

ఉక్కు వద్దు, మామ చాలు.

ప్రజ్ఞ


దుర్గాపూర్
29 డిసెంబర్ 2025

బిడ్డా,

నీ ఉత్తరం ఈరమ్మకు చదివి వినిపించలేదు. ఆమె అడిగింది, నేను కాయితం ఇచ్చేసి బయటికి వెళ్లా. తిరిగొచ్చేసరికి పప్పులో నూనె తగ్గింది, పోహా ఊసే ఇంట్లో లేదు. చదవడం రాని మనిషి ఎవరితో చదివించుకుందో నాకు తెలియదు. రమ నా వైపు చూసి కళ్లు తుడుచుకుంది కాబట్టి నీకూ నాకూ తెలిసినట్టే.

లెక్క రాస్తున్నా. సోమవారం నడక తొమ్మిది నిమిషాలు. బుధవారం పది. శుక్రవారం పన్నెండు, అందులో రెండు నిమిషాలు కల్వర్టు మీద కూర్చున్నా. కుర్చీలోంచి లేవడం ఆరు. గోడను తోశా, గోడ నన్ను తోసింది. ప్లాంకు నాలుగు సెకన్లు. బరువు ఎనభై ఆరున్నర. ఇంత చిన్న అంకెల కింద నేను ఎన్నడూ సంతకం పెట్టలేదు బిడ్డా.

ఎల్లన్న పక్కనే నడుస్తానన్నాడు. పక్కన నడువు గానీ నా లెక్కలో నడవకు అన్నా. గ్యాంగుకు పని లేకుండా పోయిందని అందరూ దిగాలు పడ్డారు, అయినా ఆరింటికల్లా వచ్చి హాల్లో వాళ్ల పాటికి వాళ్లు చేసుకుంటున్నారు. అలవాటు పడ్డారట, రాకపోతే ఒళ్లు తీస్తోందట.

అనంతరావు దగ్గరికి వెళ్లా. యూనియన్ ఎన్నికల గొడవ నాటి నుంచి ఏడేళ్లుగా మేం ఎదురుపడితే చెరో పక్కకు చూసేవాళ్లం. "నా బిడ్డకు ఇంకో నెల కావాలె. తప్పు నాది, ఆమెది గాదు" అని చెప్పా. ఆయన చాలాసేపు చెవి గోక్కుని, ఫిబ్రవరి ఆఖరుదాకా హాలు ఎవరికీ ఇవ్వనన్నాడు. ఒక్క షరతు. నేను చేసేటప్పుడు ఆయన చాయ్ తాగుతూ కుర్చీలో కూర్చుని చూస్తాడట, ప్రతి కాయితం మీద సాక్షి సంతకం పెడతాడట. ఏడేళ్ల కసి ఇంత చవకగా తీరుతుందని ఆయనా అనుకోలేదు.

నోటీసు సంగతి నిజమే. చదవడానికి అక్కడ ఏమీ లేదు.

నీ మామ, కనకరాజు


దుర్గాపూర్
15 ఫిబ్రవరి 2026, ఆదివారం

బిడ్డా ప్రజ్ఞా,

ఎనిమిదో కాయితం ఇందులో పెట్టా. నడక రోజుకు ముప్పై నిమిషాలు, మూడు రోజులు, ఎక్కడా కూర్చోలేదు. కుర్చీ, గోడ, సీసాలు నువ్వు రాసినట్టే, పదేసి మూడుసార్లు. బరువు ఎనభై ఒకటి. అనంతరావు సాక్షి సంతకం కింద "నేను చూశాను, నిజమే" అని మరాఠీలో పొడుగ్గా రాశాడు, అడగలేదు నేను. మేడం ఇది చూసి సంతకం పెట్టగానే ఫోన్ చేయి. ఈసారి నేనే ఎత్తుతా.

నిన్నటి ప్లాంకు సంగతి విడిగా చెప్పాలి. హాలు నిండిపోయింది. పద్నాలుగు మందీ వచ్చారు, వాళ్ల ఇంటివాళ్లను కూడా తెచ్చారు, ఈరమ్మ మొదటిసారి క్లబ్బు గడప తొక్కింది. నేను చాప మీద మోచేతులు ఆనించా. ఎవరూ చెప్పకుండానే అందరూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు, కొందరు తెలుగులో, కొందరు మరాఠీలో. పన్నెండు దగ్గర చేతులు వణికాయి. పదిహేను దగ్గర ఎల్లన్న ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. ఒక్కరు కూడా వంగలేదు, ఒక్క చెయ్యి కూడా రాలేదు. నా జన్మలో ఏ పనికీ నేను అంత ఒంటరిగా లేను, నా చుట్టూ అంతమంది కూడా ఎన్నడూ లేరు.

ఇరవై అన్నారు. నీకు కావలసింది అయిపోయింది, అనంతరావు పెన్ను తీశాడు. నేను లేవలేదు. ఇంకా లెక్కపెట్టండని చెప్పాలనుకున్నా, ఊపిరి చాలలేదు. ఈరమ్మకు అర్థమైంది, ఆమె ఒక్కతే లెక్కపెట్టింది, ఇరవై ఒకటి, ఇరవై రెండు.

కాయితంలో ఇరవై అనే రాశా. ఆ రెండూ నీకు కాదు బిడ్డా, నాకు.

కనకరాజు